కృపను చదువుకున్న విద్యార్థి - మార్టిన్ లూథర్

ఐదు వందల ఏళ్ళ క్రితం జర్మనీలో, మాన్స్‌ఫెల్డ్ అనే చిన్న ఊళ్ళో ఒక బడి ఉండేది. అక్కడ చెప్పే చదువంతా లాటిన్. పిల్లలు బడి గడప దాటి లోపలికొచ్చాక తమ ఇంటి భాష జర్మన్ మాట్లాడకూడదు. నోరు జారినవాళ్ళ పేర్లు రాసి పెట్టడానికి పిల్లల్లోంచే ఒకణ్ణి రహస్యంగా నియమించేవారు. వాడికి తోడేలు అని పేరు. వారం చివర మాస్టారు ఆ చీటీ చూసి ఎన్ని తప్పులకు అన్ని దెబ్బలు కొట్టేవారు. క్లాస్ లీడరు బోర్డు మీద మన పేర్లు రాసి, వాటి పక్కన ఇంటూ మార్కులు పెట్టడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పద్ధతికి ఇంత వయసుందన్నమాట.

ఆ బడిలో ఒక కుర్రాడు ఒకే పూట 15 సార్లు దెబ్బలు తిన్నాడు. లాటిన్ శబ్దరూపాలు అప్పజెప్పలేకపోవడం అతని తప్పు. అవి అతనికి ఇంకా ఎవరూ నేర్పనే లేదు. ఇంట్లోనూ అంతే. ఒక కాయ తీసుకున్నాడని తల్లి రక్తం వచ్చేలా కొట్టింది. తల్లి మంచిదేననీ, తన మేలు కోరే కొట్టిందనీ ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. కానీ ఆ దెబ్బలు మాత్రం మరచిపోలేదు. పిల్లల్ని దండించేటప్పుడు బెత్తం పక్కనే ఒక ఆపిల్ పండు కూడా ఉండాలన్నది ఆయన అభిప్రాయం.

మార్టిన్ లూథర్ అనగానే మనకు చరిత్ర పాఠం గుర్తొస్తుంది. 1517, 95 సిద్ధాంతాలు, మతసంస్కరణ, రెండు మార్కులు. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో పెరిగినవాళ్ళకు ఆయన పేరు ఇంకాస్త దగ్గర. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగు పెట్టిన నాటి నుంచి లూథరన్ మిషన్ బళ్ళలో అన్ని కులాల, మతాల పిల్లలూ చదువుకున్నారు. ఆ రెండు మార్కుల జవాబులో పట్టని సంగతి ఒకటుంది. నియమాలన్నీ పాటించి దేవుణ్ణి మెప్పించాలని చూసిన మనిషి, ఆ దారిలో నడవలేక కృప అనే ఇంకో దారి పట్టాడు. ఆ తర్వాత ఆ కృపనే జనం మరో నియమంగా మార్చేస్తుంటే దాన్ని కాపాడుకోవడానికి సొంత మనుషులతోనే తలపడ్డాడు. ఆయన జీవితంలో అసలు పోరాటం ఇదేనని నాకనిపిస్తుంది.

పుట్టింది 1483 నవంబరు 10న, ఐస్లెబెన్‌లో. తండ్రి హాన్స్ రాగి గనుల పనిలో కష్టపడి పైకొచ్చినవాడు. కొడుకు లాయరైతే ఇంటికి గౌరవం, ముసలితనంలో ఆసరా అని ఆశ. మాన్స్‌ఫెల్డ్, మాగ్డెబర్గ్, ఐసెనాక్ బళ్ళు దాటి 1501లో ఎర్ఫర్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, 1505లో ఎం.ఏ. పూర్తిచేశాడు. 17 మందిలో రెండోవాడు. వెంటనే న్యాయశాస్త్రంలో చేర్పించారు. ఆ జులై 2న ఇంటినుంచి ఎర్ఫర్ట్‌కు నడిచి వస్తుండగా దారిలో ఉరుములు, పిడుగులు. పక్కనే పిడుగు పడేసరికి ప్రాణభయంతో, బతికి బయటపడితే సన్యాసినవుతానని పునీత అన్నమ్మకు మొక్కుకున్నాడు. మొక్కు మొక్కే. రెండు వారాలు తిరిగేసరికి అగస్టీనియన్ మఠం తలుపు తట్టాడు. తండ్రి మండిపడ్డాడు. కొడుకును చదివించడానికి అప్పోసప్పో చేసిన మన తండ్రులైతే ఏమనేవారో ఊహించుకోవచ్చు.

మఠంలో ఆయన శ్రద్ధ గల విద్యార్థి. ఉపవాసాలు, జాగారాలు, చలిలో దుప్పటి లేని రాత్రులు, అన్నీ నియమానికి మించే చేశాడు. సన్యాసంతో స్వర్గానికి వెళ్ళగలిగిన వాడెవడైనా ఉంటే తానూ వెళ్ళి ఉండేవాణ్ణని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కానీ మనసుకు నెమ్మది లేదు. పాపాలు ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుందని సంఘం బోధ. అయితే ఒప్పుకోవడానికి ముందు అవన్నీ గుర్తుండాలి కదా. గుర్తు రానివి మిగిలిపోతే? గుర్తొచ్చినా నిజంగా పశ్చాత్తాపపడ్డానో, నరకానికి భయపడి చెబుతున్నానో? ఒక్కోసారి ఆరు గంటలసేపు పాపాలు ఒప్పుకునేవాడు. బయటికొచ్చాక ఇంకొకటి గుర్తొచ్చి మళ్ళీ పరుగెత్తేవాడు. వినే గురువు స్టౌపిట్స్ మంచివాడు, ఓపికమంతుడు. ఆయనకే విసుగొచ్చి, ఇలాంటి చిల్లర తప్పులు కాదు, ఏదైనా నిజమైన పాపం చేసి రమ్మన్నట్టు మందలించాడు. దేవుడికి నీ మీద కోపం లేదు, నీకే దేవుడి మీద కోపం ఉందని కూడా ఆ గురువు గ్రహించి చెప్పాడు. అది నిజమే. లెక్క తెగని పరీక్ష పెట్టి, తప్పినవాణ్ణి శిక్షించే దేవుణ్ణి ప్రేమించడం తనవల్ల కాలేదనీ, లోలోపల ద్వేషించాననీ లూథర్ తర్వాత దాచుకోకుండా రాశాడు.

మధ్యలో, 1510-11 చలికాలంలో, మఠం పని మీద రోము వెళ్ళాడు. అక్కడ 28 మెట్ల పవిత్ర సోపానాన్ని మోకాళ్ళ మీద, మెట్టుకో పరలోక ప్రార్థన చెబుతూ ఎక్కాడు. తాతగారి ఆత్మను శుద్ధిస్థలం నుంచి విడిపించాలని. పైకెక్కాక, ఇదంతా నిజమో కాదో ఎవరికి తెలుసు అన్న సందేహం కలిగింది. తిరుమల మెట్లు మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళను చూసినవాళ్ళం మనం. ఆ భక్తిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. ఎక్కిన మెట్టుకు ఫలితం దక్కిందా లేదా అని మనిషిని తొలిచే ఆ అనుమానం గురించే నేను చెబుతున్నది.

స్టౌపిట్స్ ఈ రోగానికి వింత మందు ఇచ్చాడు. నువ్వు పాఠం చెప్పు అన్నాడు. 1512 అక్టోబరులో లూథర్ డాక్టరై విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బైబిలు ఆచార్యుడయ్యాడు. తనకే అర్థం కానిదాన్ని ఇతరులకు చెప్పాల్సి వస్తే మనిషి ఎంత తవ్వుతాడో మన మాస్టర్లకు తెలుసు. కీర్తనలు చెప్పాడు, తర్వాత 1515-16లో రోమా పత్రిక చెప్పాడు. ఆ పత్రిక మొదటి అధ్యాయంలో దేవుని నీతి అన్న మాట దగ్గర ఆయన ఆగిపోయాడు. నీతి అంటే న్యాయాధిపతి చేతిలో కొలబద్ద అని అంతవరకూ ఆయనకు నేర్పారు. దాని ముందు ఎవడు నిలుస్తాడు? రాత్రింబవళ్ళు ఆ మాట పట్టుకుని కూర్చోగా కూర్చోగా, అది దేవుడు మన దగ్గర అడిగే నీతి కాదు, విశ్వాసం ద్వారా మనకు ఉచితంగా ఇచ్చే నీతి అని తోచింది. అర్హతను బట్టి దొరికేది జీతం, ఏ అర్హతా లేకుండా దొరికేది కృప. తలుపులు తెరుచుకుని పరదైసులోకి అడుగుపెట్టినట్టయిందని ఆయన ఆ అనుభవాన్ని గుర్తు చేసుకున్నాడు. అది ఫలానా రోజున జరిగిందని పండితులు తేల్చలేదు. ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతూ చెబుతూ పండిన పండు అది.

క్రైస్తవేతర మిత్రులకు ఒక్క మాట. మంచి పనులు అక్కర్లేదని కాదు దీని అర్థం. చెట్టు మంచిదైతే పండు మంచిదవుతుందిగానీ, పళ్ళు తెచ్చి కొమ్మలకు కట్టినంత మాత్రాన చెట్టు మారదని ఆయన వాదన. బిడ్డగా అంగీకరించిన తర్వాత చేసే పనికీ, బిడ్డగా అంగీకరించమని చేసే పనికీ తేడా ఉంది కదా.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెబుతాను. పాపపరిహార పత్రాలు అమ్ముతూ టెట్జెల్ అనే ప్రచారకుడు ఊరూరా తిరుగుతున్నాడు. ఆ సొమ్ములో సగం రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, మిగతా సగం ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ పదవి కోసం చేసిన అప్పు తీర్చడానికి. విట్టెన్‌బర్గ్ జనం సరిహద్దు దాటి వెళ్ళి కొనుక్కొస్తున్నారు. అసలు విట్టెన్‌బర్గ్‌లోనే లూథర్ ప్రభువు ఫ్రెడరిక్ దగ్గర 19 వేలకు పైగా పవిత్ర అవశేషాలుండేవి. అన్నింటినీ దర్శించుకుంటే 19 లక్షల ఏళ్ళకు పైగా శిక్ష తగ్గుతుందని లెక్కలు కట్టి పెట్టారు. చిట్టా పద్దులతో నలిగిపోయి బయటపడినవాడికి ఈ వ్యాపారం ఎలా ఉంటుంది? 1517 అక్టోబరు 31న 95 సిద్ధాంతాలను ఆర్చిబిషప్‌కు ఉత్తరంతో పంపాడు. అచ్చుయంత్రం పుణ్యమా అని కొద్ది వారాల్లో అవి దేశమంతా పాకాయి. బహిష్కరిస్తానని బెదిరిస్తూ పోపు పంపిన శాసనాన్ని 1520 డిసెంబరులో ఊరి బయట మంటలో వేశాడు. 1521 ఏప్రిల్‌లో వర్మ్స్ సభలో చక్రవర్తి ఎదుట, రాసినదాన్ని ఉపసంహరించుకోమంటే ఒక రోజు గడువడిగి, మర్నాడు కుదరదన్నాడు. ఆ గడువు అడగడమే నాకు నచ్చుతుంది. వీరులకు గడువు అక్కర్లేదని సినిమాలు చెబుతాయి. భయం తెలిసిన మనిషి ఒక రాత్రి ఆలోచించుకున్నాడు.

ఫ్రెడరిక్ మనుషులు ఆయన్ని దారిలో ఎత్తుకెళ్ళినట్టు నటించి వార్ట్‌బర్గ్ కోటలో దాచారు. గడ్డం పెంచి, పేరు మార్చుకుని, పదకొండు వారాల్లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడు. చిన్నప్పుడు ఏ భాష మాట్లాడితే బడిలో దెబ్బలు పడేవో ఆ భాషలోకే.

అసలు పరీక్ష ఇప్పుడొచ్చింది. ఆయన కోటలో ఉండగా విట్టెన్‌బర్గ్‌లో తోటి ఆచార్యుడు కార్ల్‌స్టాట్ వగైరాలు పనులు వేగిరం చేశారు. 1521 క్రిస్మస్ నాడు కార్ల్‌స్టాట్ మామూలు బట్టల్లో బలిపీఠం దగ్గర నిలబడి, జనం చేతికే రొట్టె, గిన్నె అందించాడు. అంతవరకూ గిన్నె గురువులకు మాత్రమే. రొట్టెను కూడా జనం చేత్తో ముట్టేవారు కాదు. ఒకతనికి చేతులు వణికి అప్పం కిందపడింది. దాన్ని ఎత్తుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. జనవరిలో పట్టణ సభ కొత్త కట్టుబాట్లు చేసింది. విగ్రహాలు పగలగొట్టారు. పండిత విద్య ఎందుకు, ఆత్మ నేర్పుతుందన్న మాట పుట్టి ఊళ్ళో పిల్లల బడి మూతపడింది. నిన్నటిదాకా గిన్నె ముట్టడం పాపం. ఇవాళ ముట్టకపోవడం పాపం. నిన్న శుక్రవారం మాంసం తింటే తప్పు. ఇవాళ తినకపోతే వెనకబడినవాడు. విడుదల పేరుతో కొత్త తోడేలు చీటీ పట్టుకుని కూర్చుంది.

ప్రభువు వద్దంటున్నా లూథర్ 1522 మార్చి మొదట్లో కోట దిగి వచ్చాడు. తలకు కొత్తగా క్షౌరం చేయించుకుని, మళ్ళీ సన్యాసి అంగీ తొడుక్కుని, 9వ తేదీ ఆదివారం నుంచి ఎనిమిది రోజులు వరసగా ప్రసంగించాడు. చిత్రం ఏమిటంటే, వాళ్ళు చేసిన మార్పుల్లో చాలావాటిని కోరింది తానే. అవి తప్పని అనలేదు. పక్కవాడు ఇంకా సిద్ధంగా లేనప్పుడు అతన్ని ఈడ్చుకుపోవడం ప్రేమ కాదన్నాడు. పసివాడికి ముందు పాలు, తర్వాత జావ, ఆ తర్వాతే గట్టి తిండి. విశ్వాసం లోపలి నుంచి రావాలి, మెడపట్టి తెప్పించేది కాదు. గిన్నె కావలసినవాళ్ళు తీసుకోండి, భయం తీరనివాళ్ళను ఆగనివ్వండి. వారం రోజుల్లో ఊరు చల్లబడింది. కత్తి దూయలేదు, ఎవర్నీ అరెస్టు చేయలేదు.

తానైతే 1524 అక్టోబరు దాకా ఆ సన్యాసి అంగీనే వేసుకున్నాడు. దాన్లో పుణ్యం లేదని తెలుసు, పాపమూ లేదని తెలుసు. ఆ ధోరణి నాకు ఆయన గ్రంథాలకంటే ఎక్కువ బోధ చేసింది. కార్ల్‌స్టాట్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మార్పు రావాలంటే ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. బలహీనుల కోసం ఆగుదాం అంటూ కూర్చుంటే అన్యాయాలు శతాబ్దాల తరబడి సాగుతాయి. ఆ సంగతి మన దేశంలో మనకు చెప్పనక్కర్లేదు. ఈ ప్రశ్నకు లూథర్ దగ్గర పూర్తి జవాబు లేదు.

అది 1525లో బయటపడింది. రైతులు తిరగబడ్డారు. సువార్త చెప్పిన స్వేచ్ఛను వాళ్ళు పొలాల మీదికి, పన్నుల మీదికి, వెట్టి మీదికి తెచ్చారు. మొదట వాళ్ళ కోరికల్లో న్యాయం ఉందన్నవాడే, హింస చెలరేగాక వాళ్ళను నరికేయమని ప్రభువులకు రాశాడు. ప్రభువులు అడక్కుండానే ఆ పని చేసేవారు. వేలాదిమంది చచ్చారు. ముసలితనంలో, 1543లో, యూదుల మీద రాసిన పుస్తకం ఇంకా ఘోరం. వాళ్ళ ప్రార్థనామందిరాలు తగలబెట్టమన్నాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత నాజీలు దాన్ని వాడుకున్నారు. లూథరన్ సంఘాలే తర్వాత ఆ రాతల్ని బహిరంగంగా తిరస్కరించాయి. అర్హత లేనివాడికి దక్కేది కృప అని జీవితమంతా చెప్పినవాడు, ఎదుటివాడి విషయంలో దాన్ని మరచిపోయాడు. జూబిలీ సంచికలో ఇది ఎందుకని కొందరనవచ్చు. పెద్దవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఇలాంటి పుటలు చించేస్తే పిల్లలకు మనం చెప్పేది చరిత్ర కాదు.

అదే 1525 జూన్‌లో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కాథరీనా, మఠం నుంచి తప్పించుకొచ్చిన సన్యాసిని. పశువులు, తోట, బీరు కాచడం, అద్దెకుండే విద్యార్థులు, అన్నీ ఆవిడే చూసుకునేది. ఆరుగురు పిల్లలు. 1530లో కోబర్గ్ కోటనుంచి నాలుగేళ్ళ కొడుకు హాన్స్‌కు ఒక ఉత్తరం రాశాడు. అందమైన తోట, అందులో ఆపిళ్ళు, చెర్రీ పళ్ళు ఏరుకునే పిల్లలు, బంగారు కళ్ళేల గుర్రప్పిల్లలు. ఆ తోటలోకి ఎవర్ని రానిస్తారంటే, బుద్ధిగా ప్రార్థన చేసి, చక్కగా చదువుకునేవాళ్ళను! కృప గురించి యూరప్‌ను కుదిపేసిన వేదాంతి, నాలుగేళ్ళ కొడుకు దగ్గరికి వచ్చేసరికి అందరు తండ్రుల్లాంటివాడే.

నవ్వులాట కాదు, ఈ చిక్కు ఆయనకు నిజంగానే ఎదురైంది. 1528లో పల్లె సంఘాలు చూడ్డానికి తిరిగాడు. ఉపవాసాల భయం, నరకం భయం పోయాయి. వాటి స్థానంలోకి ఏమీ రాలేదు. పరలోక ప్రార్థన కూడా రాని పాస్టర్లున్నారు. స్వేచ్ఛ అంటే ఇష్టం వచ్చినట్టు బతకడమని జనం అనుకున్నారు. తిరిగొచ్చి కోపంతో, దిగులుతో 1529లో చిన్న కాటికిజం రాశాడు. మొదట గోడకు తగిలించే పటాలుగా అచ్చువేశారు, మన తరగతి గదుల్లో గుణింతాల చార్టుల్లాగ. అది పది ఆజ్ఞలతో మొదలవుతుంది. చూశారా, మళ్ళీ నియమాలే అనిపిస్తుంది. కానీ ప్రతి ఆజ్ఞకూ వివరణలో ఒక మలుపుంది. చంపవద్దు అన్నదాన్ని, పొరుగువాడి ఒంటికి కష్టమొస్తే సాయపడటం దాకా తీసుకెళతాడు. దొంగిలవద్దు అన్నదాన్ని, అతని బతుకుదెరువు బాగుపడేలా చూడటం దాకా. ఐస్లెబెన్ బడిలో పనిచేసిన పాత శిష్యుడు అగ్రికోలా, విశ్వాసికి ధర్మశాస్త్రం ఇక బోధించనక్కర్లేదని 1537లో పట్టుబడితే లూథర్ గట్టిగా ఎదిరించాడు. జబ్బు తెలియనివాడు వైద్యుణ్ణి వెతకడు కదా అని. ఆజ్ఞ అద్దంలాంటిది, మొహం మీద మసి చూపిస్తుంది, కడగలేదు. అద్దం పగలగొట్టినా మసి పోదు.

బడుల విషయంలో ఆయన మాట నేటికీ తాజాగా ఉంటుంది. 1524లో జర్మనీ పట్టణ సభల పెద్దలందరికీ ఒక పుస్తకం రాశాడు. తుపాకులకు, రోడ్లకు, వంతెనలకు ఏటా అంత ఖర్చు పెడుతున్నారే, పిల్లల చదువుకు ఎందుకు పెట్టరని నిలదీశాడు. ఆడపిల్లలకూ బడి కావాలన్నాడు. మగపిల్లలు రోజుకు గంటో రెండు గంటలో చదివి మిగతా సమయం ఇంటి దగ్గర వృత్తి నేర్చుకోవచ్చన్నాడు. తాము చదివిన బళ్ళను నరకంతో పోల్చి, అలాంటివి ఇక వద్దన్నాడు. పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చుకోవాలట. ప్రసంగాలు మానుకోవాల్సి వస్తే బడిపంతులు పని ఎంచుకుంటానన్నాడు. మన మాస్టర్లు ఈ మాటను స్టాఫ్ రూములో గోడకు రాసుకోవచ్చు.

1542 సెప్టెంబరులో పదమూడేళ్ళ కూతురు మాగ్డలీనా ఆయన చేతుల్లోనే పోయింది. ఆమె ఎక్కడికి వెళ్ళిందో తనకు తెలుసు, సంతోషించాలనీ తెలుసు. అయినా కన్నీళ్ళు ఆపుకోలేకపోతున్నానని స్నేహితుడికి రాశాడు. కుమిలిపోకూడదన్న ఇంకో నియమం తన మీద పెట్టుకోలేదు. గుండె బరువు, నిరాశ ఆయన్ని జీవితమంతా వెంటాడాయి. 1527లో మనిషి దాదాపు కుప్పకూలాడు. అలాంటప్పుడు తన భక్తి ఎంత గట్టిదో కొలుచుకోవడం మానేసి, తాను బాప్తిస్మం పొందినవాణ్ణని గుర్తుచేసుకునేవాడు. అది తాను చేసింది కాదు, తనకు జరిగింది.

చివరి ప్రయాణం కూడా తగవు తీర్చడానికే. మాన్స్‌ఫెల్డ్ జమీందారు సోదరుల గొడవ సర్దుబాటు చేయడానికి 1546 జనవరిలో, గడ్డకట్టే చలిలో బయల్దేరాడు. రాజీ కుదిర్చాడు. ఫిబ్రవరి 18 తెల్లవారుజామున, తాను పుట్టిన ఐస్లెబెన్‌లోనే కన్నుమూశాడు. భౌతికకాయాన్ని విట్టెన్‌బర్గ్‌కు తీసుకెళుతూ దారిలో హాలె పట్టణంలో సంత వీధి చర్చిలో ఒక రాత్రి ఉంచారు.

సరిగ్గా 200 ఏళ్ళకు, అదే హాలెలో మన అక్షరాలు కనిపించాయి. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ, జర్మనీకి తిరిగి వెళ్ళాక, 1746లో అక్కడ తెలుగు లిపిలో ఒక చిన్న కాటికిజం అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి.